పన్ను రాసేవాడి ప్రశ్న

బర్కా ప్లాంటులో పొరలు మార్చే రోజు
కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ మెడలోని కార్డు
నా పానాల పెట్టె మీదికి వేలాడింది.
అలెంకా మ్లాకర్.
చదవబోతే నాలుక 'మ' కాడనే చిక్కుకున్నది.
"నోట్లో గుక్కెడు నీళ్లున్నట్టు అను" అన్నది.

అర్థమేందని అడిగిన,
ఊరికే, పంపు చల్లబడేదాకా.
గ్లౌజు తీసి
దుమ్ము పట్టిన నేల మీద
వేలితో ఒక గుండ్రం గీసింది.
వానకు నిలిచే నీళ్లట.
చెరువు కాదు, అంత లేదు.
ఆవు దిగితే మోకాలు తడుస్తది.
స్లొవేనియాలో, కొండల నడుమ,
దాని ఒడ్డున గుడిసె వేసుకున్నోడు మ్లాకర్.
ఎప్పుడో దొర మనిషి పన్ను రాస్తూ
"ఊళ్లో ఇద్దరు యూరీలు, నువ్వే యూరీవి?"
అని అడిగుంటడు.
"నీళ్ల పక్కోణ్ణి" అనుంటడు వాడు.
కత్తి లేదు, కోట లేదు,
మడమలంటిన బురదే
బిడ్డలకు, బిడ్డల బిడ్డలకు.

నాకు నవ్వాగలేదు.
జేబులోంచి పతాకా తీసిన
(జెండా కాదు, ఇక్కడ గుర్తింపు కార్డునే అట్లంటం).
కుంట ఎల్లేశం.
"కుంట అంటే?"
ఆమె గీసిన గుండ్రం మీదనే వేలు పెట్టిన.

బడిలో ఈ పేరుకే
కాలీడ్చి నడిచి చూపేటోళ్లు.
ఏడ్చుకుంట ఇంటికొస్తే మా నాయిన
బీడీ ఆర్పకుండనే చెప్పిండు:
కుంటి వేరు, కుంట వేరు బిడ్డా.
కుంట నడవదు,
ఊరి నీళ్లన్నీ దాని దగ్గరికే నడిచొస్తయి.

"ఇంకా ఉందా?" అన్నది.
మట్టి పోసిండ్రు. రాళ్లు పాతిండ్రు.
పదిహేడో నంబరు ప్లాటు నాదే.
ఏడేండ్లు పంపిన రియాళ్లు
లారీలకెక్కి పోయి
అండ్ల పడ్డయి.
ఈ మాట ఆమెకు ఏ భాషలో చెప్పిన్నో
నాకే తెల్వదు.

వాళ్ల తాత కాలువ తీసి ఎండగట్టిండట,
మక్కలు వేసిండట,
చచ్చేదాకా అదే గొప్ప చెప్పుకున్నడట.

గేటు కాడి ఖల్ఫాన్ చాయ్ తెచ్చి
నేల మీది గుండ్రం చూసిండు.
"బిర్కా!" అన్నడు.
"మా ఊరి పేరూ అందులోంచే వచ్చిందని
మా ముసలాయన అంటడు. నమ్మకు,
ఆయన ఒంటెల వయసు కూడా తప్పే చెప్తడు."

వెనుక సముద్రం
గొట్టాల్లోకి దూరి, ఉప్పు వదిలి,
ఎవరి పేరూ లేని నీళ్లయి
ట్యాంకర్లలోకి పోతున్నది.

రాత్రి షిఫ్టులో వాల్వు కారింది.
నేల పల్లంలో జానెడు నీళ్లు నిలిచినయి.
తుడవాలె, రూలు.
తుడుపుకర్ర తెచ్చిన, గోడకానిచ్చిన.
దీపం పురుగొకటి వచ్చి
ఆ నీళ్ల మీద తన బొమ్మ చూసుకున్నది.

రిజిస్టర్‌లో రాసిన:
లీకు. చిన్నది.
సంతకం, కుంట.