పదకొండు బూడిదరంగులు

కుతాయిసిలో, రియోని నది పక్క వీధి, మూడో అంతస్తు.
హీటరు ఒకవైపే పనిచేస్తుంది.
మ్జెవినార్ ఆ వైపు కూర్చుంది, నేను కోటు విప్పలేదు.
ఏప్రిల్‌లో కొండచరియల సదస్సు.
దాని వెబ్‌సైటు
ఆరేళ్లలో ఆరుగురు కుట్టిన బొంత.

ముందు లెక్కపెట్టాం.
బూడిదరంగులు పదకొండు.
ఒకటి పొగ, ఒకటి తడిసిన సిమెంటు,
తక్కినవన్నీ ఏదో రోజు ఎవరో
తొందరలో కంటితో తూచి పోసినవి.
బటన్లు పద్నాలుగు రకాలు, ఎవరికి వారే యమునా తీరే.
కొన్నింటి మూలలు గుండ్రం, కొన్నింటివి వేలు తెగేంత పదును.
"నమోదు" ఒక పేజీలో ఆకుపచ్చ,
ఇంకో పేజీలో నొక్కితే నొచ్చుకునేట్టున్న గులాబీ.

"రెండు చాలు" అంది మ్జెవినార్.
"ఏ రెండు?"
"చదవాల్సినదానికి ఒకటి. చదవక్కర్లేనిదానికి ఒకటి."
రాసుకున్నాను.
చదవక్కర్లేనిది అసలెందుకు పెడతామని అడగలేదు.

ఎడం ఎంత? ఎనిమిది పిక్సెళ్లు.
లేదంటే పదహారు, ఇరవైనాలుగు, ముప్ఫైరెండు,
పంతులుగారి ముందు ఎక్కం ఒప్పజెబుతున్నట్టు.
పాత కోడ్‌లో ఒకచోట పదమూడు ఉంది.
దాన్ని చూస్తే ఎందుకో జాలేసింది. అయినా తీసేశాం.

శీర్షికల దగ్గర చిక్కొచ్చింది.
ఎక్కడినుంచో తెచ్చుకున్న మూస
ప్రతి శీర్షికనీ పెద్దక్షరాల్లోకి మార్చమంటుంది.
మా జార్జియన్ రాతలో పంక్తిభేదం లేదు,
రాజు పేరైనా రజకుడి పేరైనా ఒకే అక్షరంతో మొదలు.
పెద్దవీ ఈమధ్య చేర్చారు గానీ
పాత ఫోన్లకి ఆ కబురు అందలేదు.
ఉచా ఫోన్‌లో "కొండచరియ" అన్న మాట
ఏడు ఖాళీ డబ్బాలై వరసగా నిలబడింది,
మనుషులు ఖాళీ చేసిపోయిన ఇళ్లలా.
"అదీ నిజమే కదా" అన్నాడు ఉచా.
సదస్సు కార్యదర్శి, భూగర్భశాస్త్రి,
నవ్వినా కనుబొమలు కదలవు.
నాలుగో నియమం: అక్షరాల ఎత్తు మార్చకూడదు.

చీకటి పడ్డాక వక్తల కార్డు మొదలెట్టాం.
ఎడమ ఫోటో, పేరు బొద్దుగా, ఊరు పలచగా.
స్థితులు మూడు:
వస్తున్నారు. ఇంకా తెలియదు. రావడం లేదు.
మూడోదానికి పాత కోడ్‌లో ఎర్ర పట్టీ ఉంది,
పేరు మీదుగా అడ్డగీత.
పనిచేస్తోందో లేదోనని
జాబితాలోంచి చేతికందిన పేరు తీసి పెట్టాను.
ఓతియా గుల్బానీ, మెస్తియా.
గీత సరిగ్గానే పడింది.

ఉచా స్క్రీన్ ముందుకి వచ్చి
గొడుగెక్కడో మరిచిపోయినవాడిలా ఆగిపోయాడు.
"సెప్టెంబరులో చరియ కొలవడానికి వెళ్లాడు."
కాసేపయ్యాక,
"పరికరం దొరికింది."

హీటరు టిక్కుమంది.
మ్జెవినార్ కీబోర్డు తనవైపు లాక్కుంది.
గీత తీసేసింది, ఎరుపు తీసేసింది.
ఇప్పుడు నాలుగో స్థితి కావాలి, దానికో పేరు కావాలి,
పేరు పెట్టనిదేదీ కోడ్‌లో నిలవదు.
"దివంగత" అని కొట్టి చెరిపాను.
"లేరు" అని కొట్టి చెరిపాను.
కర్సరు కొట్టుకుంటూనే ఉంది.

"అతని ప్రసంగం నా దగ్గరుంది, నేను చదువుతాను.
అదే పెట్టండి" అన్నాడు ఉచా.
పెట్టాం: మరొకరు చదువుతారు.
రంగు, చదవాల్సినదానికి వాడే రంగే.

ఫోటో ఒక్కటే దొరికింది.
తలమీద ముసుగు, చేతిలో బారెడు కొలకర్ర,
చూపు మనవైపు కాదు, వాలువైపు.
గుండ్రంగా కత్తిరిస్తే కర్ర తెగిపోతోంది.
మ్జెవినార్ ఎటు జరిపినా తెగిపోతోంది.
చివరికి అందరి ఫోటోలూ చతురస్రం చేసేసింది,
నూట ఇరవైమంది వక్తలవీ.

పదిహేడో నియమం: ఫోటో తొంభైఆరు పిక్సెళ్లు,
నాలుగు మూలలూ ఉండాలి.
పక్కన "కారణం" అని ఒక గడి.
దాన్ని ఖాళీగానే వదిలాం.
వచ్చే ఏడు ఎవరో కొత్త పిల్ల ఇక్కడ కూర్చుని
గుండ్రంగా ఉంటే ఇంకా బాగుండేదని
తప్పకుండా అంటుంది.