మూడో గుండీ

ఈ జెండాను ఎవరూ బాగుచేయకూడదు.
అది పటాలం రివాజు.
చర్చి గోడకు ఏటవాలుగా ఒకసారి ఎక్కించాక
చిమ్మటలు తిన్నంత తినాలి,
తేమ తాగినంత తాగాలి,
మిగిలింది తనంతట తాను రాలాలి.

నూటపదేళ్ళుగా రాలుతోంది.
కింద ఊడ్చేవాణ్ణి నేను.
శనివారం పొద్దున చీపురుకు
ఒక్కోసారి ఎర్ర పోగు తగులుతుంది.
చెత్తలో వేయాలా, జేబులో వేసుకోవాలా
రివాజులో రాసిలేదు.

ఎఫీ లెయిడ్లా ముందు వరుసలో కూర్చుంటుంది.
కీర్తనల పుస్తకం ఒళ్ళో, చూపు మాత్రం పైన.
నలభై ఒక్క ఏళ్ళు ఉన్ని మిల్లులో
రఫ్ఫు పని చేసిన మనిషి.
నేతలో తప్పిన పోగును
కళ్ళు మూసుకుని వేలికొసతో పట్టేసేది.
"ఒక్క రాత్రికి నిచ్చెన ఇవ్వు, డేవీ,
తెల్లారేసరికి చిరుగు ఎక్కడుండేదో
దేవుడు కూడా కనుక్కోలేడు" అంటుంది.
ఇవ్వను.
ఇవ్వనని ఆమెకూ తెలుసు.

ఆ గుడ్డ మీద పట్టుదారంతో ఊళ్ళ పేర్లున్నాయి,
మావాళ్ళు గెలిచినవి.
కొన్నిటిని మేం సరిగా పలకలేం కూడా.
ఆ ఊళ్ళవాళ్ళు మా పేరును
ఏ గొంతుతో పలుకుతారని
బళ్ళో ఒకసారి అడిగాను.
మాస్టారు కిటికీలోంచి వాన చూశాడు.

ఇక గుండీల సంగతి.
కెల్డర్‌హోప్ పటాలం కోటుకు
ఎడమ ముంజేతి దగ్గర రెండే గుండీలు.
మూడో దాని చోట ఉత్త దారం,
కొసలు రెండూ బయటికి.
మంచులో వెనక్కి నడిచిన ఏడాది
ఏటి ఒడ్డున పడవవాడు కూలి అడిగాడట.
జీతాల పెట్టె అంతకుముందే బురద మింగింది.
ఒక్కొక్కడూ ఒక ఇత్తడి గుండీ కోసి
వాడి టోపీలో వేశాడట.
గాయపడ్డవాళ్ళు ముందు దాటారు.
"ఎవరికీ బాకీపడకుండా దాటాం"
ఇక్కడికి రాగానే మా తాత గొంతు పెంచేవాడు.

మ్యూజియంలో ఒక పద్దుల పుస్తకం ఉంది.
ఆ ఏడు కాంట్రాక్టరు పంపిన సరుకులో
గుండీలు తక్కువ, నాలుగు వందల పన్నెండు.
నీలిసిరా, ముత్యాల్లాంటి అక్షరాలు.
అందరం చదివాం.
చదివి, అద్దాల బీరువా మూసి,
పడవవాడి కథే చెప్పుకుంటున్నాం.

మొన్న చలికాలం మా పటాలాన్ని
ఇంకో మూడింటితో కలిపేశారు.
కొత్త పేరులో మా ఊరు లేదు.
అందరికీ ఒకే కోటు, మూడు గుండీలు,
పాతవాటికి లేనిది కుట్టించుకు రావాలి.
ఎఫీ మనవడు రింగన్, పంతొమ్మిదేళ్ళవాడు,
కోటు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాడు,
చనిపోయిన కుక్కను దించినట్టు.
"ఆర్డరు, నానమ్మా."

ఆమె కళ్ళజోడు తుడుచుకుంది.
నేను అక్కడే ఉన్నాను, టీ చల్లారుతోంది.
వదులు కుట్టు ఎరగని ఆ చెయ్యి
సూదికి ఒంటిపోగు ఎక్కించింది.
ముడి వేయలేదు.
పాత దారం కొసల్ని కత్తిరించలేదు,
గుండీ కిందికి మడిచింది, అంతే.
"నిలుస్తుందా?"
"ఎంత నిలవాలో అంత."

పరేడు రోజు వాన.
వంతెన ఇవతల మూడు గుండీలు,
అవతల రెండు.
కొత్త సార్జెంటు ఎక్కడో దక్షిణాదివాడు,
రింగన్ ముంజేయి పట్టుకుని అడిగాడు, ఏదని.
"పడవ కూలి ఇచ్చేశాను, సార్."
వెనక వరుసలో ఎవడో గట్టిగా దగ్గాడు.
మూడు రోజులు బంగాళదుంపల తొక్కు తీశాడు రింగన్.
ఆ మూడు రోజుల్లోనే, ఎలా తెగాయో ఏమో,
ఇంకో పదకొండు గుండీలు కనబడకుండా పోయాయట.

నిన్న శనివారం.
చీపురుకు బెత్తెడు ఎర్ర పోగు తగిలింది.
ఈసారి ఎఫీ అరచేతిలో పెట్టాను.
వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.
"కుట్టడానికి పొట్టిది" అంది.
తిరిగి మాత్రం ఇవ్వలేదు.