వేడి అద్దం

మిర్యాలగూడ కార్ల షోరూంల పిల్లగాడు
వేలు మడుస్తుండు:
"నెత్తిమీద కిటికీకి ఎనభై వేలు ఎక్స్‌ట్రా,
సీట్లకు సల్లగాలి, ఇంకో నలభై.
గీ కంపెనీల ముంగటి అద్దమే వేడెక్కుతది అన్నా,
పక్క కంపెనీల బతిమాలినా ఇయ్యరు."

జానయ్య నవ్విండు.
మే నెల. బయట ఆయన డీసీఎం అద్దం
పొద్దుగాల్నుంచి పెంక లెక్క కాల్తున్నది,
పైస తీసుకోకుంట.

నవ్వు నడుమల ఆగింది.
పుష్యమాసం, తెల్లారి నాలుగు, నార్కట్‌పల్లి దాటినంక.
ఎనక బియ్యం లోడు,
ముంగట సున్నమేసిన గోడ లెక్క మంచు.
డోరుకు యాలాడుకుంట
సగం కోసిన ఆలుగడ్డతోని అద్దం రుద్దుతున్న లతీఫ్
"ఇగో, ఇప్పుడు కనవడ్తుందా?" అన్నడు.
కనవడ్డది.
ఆగిన లారీ, ఎనక లైట్లు లేనిది.

"గా అద్దం ఒక్కటే
ఎంత పడ్తది తమ్మీ?"