బెల్లం

మొదటి రోజు ఎక్కమంటారేమో అనుకున్నాను.
ఎవరూ ఎక్కమనలేదు.
ఎర్రమట్టి దిబ్బలు దాటాక జీడితోట,
తోటలో రేకుల షెడ్డు,
షెడ్డు ముందు అనకాపల్లి బెల్లం రంగులో అది.
పేరు కూడా బెల్లమే.

"దగ్గరికెళ్లకండి, ఊరికే నిలబడండి" అంది హైమ డాక్టరు.
ఊరికే నిలబడ్డం నాకు చేతకాని పని.
పద్దెనిమిదేళ్లు బోటు ఇంజను పక్కన బతికినవాణ్ణి,
నిలబడితే కాళ్ల కింద ఏదో ఒకటి ఊగాలి.
ఇక్కడ నేల ఊగలేదు. నేనే ఊగాను.

"ఎలా ఉన్నారు?"
"బాగానే ఉన్నానండి."
గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పి,
అటు తిరిగి గడ్డి చూసుకుంది.
కేజీహెచ్ కాగితాల మీద, యూనియన్ ఆఫీసులో, ఇంట్లో
అందరూ నమ్మిన మాట
దానికొక్కదానికే రుచించలేదు.

"దీనికీ మీ జబ్బేనండి బాబూ" అన్నాడు సన్నాసిరావు, దాని మనిషి.
"పగలు బీచిలో పిల్లల్ని మోసీది,
రాత్రి పెళ్లికొడుకుల్ని మోసీది.
గాజువాక ఊరేగింపులో
కాళ్ల కింద పదివేల వాలా అంటించేసినారు.
అప్పట్నుంచి అగ్గిపుల్ల గీసినా ఉండదు.
అమ్మీమన్నారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా,
బెదిరిందైతే మాత్రం తప్పుద్దా?"

వెనక కాలి మీద వెంట్రుక మొలవని చోటు, అరచేతి మేర.
నేను చొక్కా చెయ్యి మోచేతి కిందికి లాక్కున్నాను.

నాలుగో వారం బ్రష్షు ఇచ్చారు.
మెడ నుంచి భుజానికి, భుజం నుంచి పొట్టకి.
దుమ్ము లేచేది, చర్మం ఉన్నట్టుండి జలదరించేది
వల లాగేముందు నీళ్లు మెరిసినట్టు.
దాని ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి పది.
నాది లెక్కపెట్టడానికి భయమేసింది.

ఎల్లాజీ గురించి ఎవరూ అడగలేదు.
నేనే చెప్పాను, దాని పొట్టకి నుదురానించి,
వాడికి పంతొమ్మిదేళ్లని,
టీ పెడతానన్నాడని,
సిలిండరు గొట్టం మార్చాలని నాకు తెలుసని,
ఒడ్డుకెళ్లాక చూద్దాంలే అన్నది నేనేనని.

గుర్రం ఏమీ అనలేదు.
నీ తప్పేం లేదని కూడా అనలేదు.
అందుకే చెప్పగలిగాను.
దాని కడుపులో మేత కదిలింది,
దూరాన ఎవరిదో ఇంజను స్టార్టయినట్టు.

మాఘంలో ఒక సాయంత్రం
భీమిలి రోడ్డు రిసార్టులో పెళ్లి. తారాజువ్వలు.
పగ్గం నా చేతిలో ఉంది.
అది ఎగిరింది. నా లోపల నేనూ ఎగిరాను.
డీజిలు వాసన. మంట. నీళ్ల మీద వాడి చెప్పు ఒకటి.
కాళ్లు పరిగెత్తమన్నాయి.
కాని అరచెయ్యి కాలుతోంది,
పగ్గానికి అటు చివర నాలుగొందల కిలోల భయం.

"హో... హో... నానున్నాన్రా.
ఇక్కడే ఉన్నాను. అయిపోయింది, అయిపోయింది."
ఎవరితో అంటున్నానో
అనడం పూర్తయ్యాక గాని తెలియలేదు.
రెండేళ్లు ఆలస్యం.

ఇంకోటి పేలింది.
వణికింది గాని వెళ్లలేదు.
తల తెచ్చి నా భుజం మీద బస్తాలా దించింది.
తరవాత చొక్కా నిండా తుమ్మింది.

నయమైందా అంటుంది మా మంగతాయి.
కుక్కరు కూతేస్తే ఇప్పటికీ వీధిలోకొచ్చేస్తాను.
కాకపోతే ఇదివరకు హార్బరుకి రెండు స్టాపుల ముందే దిగిపోయేవాణ్ణి,
ఇప్పుడు ఒక్కటే.
అక్కణ్ణుంచి బోట్ల జెండాలు కనిపిస్తాయి.
బస్సులో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు,
చేపల వాసనకి కాదు.

వచ్చే గురువారం రెండు టికెట్లు.
ఎల్లాజీ వాళ్లమ్మ కాసులమ్మ వస్తానంది.
దారంతా ఏం మాట్లాడాలో తెలీదు నాకు.
గుర్రానికి ఏం పట్టుకురమ్మంటావు అని అడిగింది.
బెల్లమే అన్నాను.