కొత్త బొడ్డు

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం,
పదారేండ్లు అడ్డం తిరిగే నడిచినాను బస్సులో.
నూటా పద్దెనిమిది కేజీల కండక్టరు వస్తాందంటే
సీట్లల్లో మోకాళ్లు ముడుచుకుంటాండె.

చక్కెర జబ్బు బెదిరించినంక
సంగటి ముద్ద సగమాయె, ఆ సగమూ సగమాయె.
తెల్లారుజామున గ్రౌండు చుట్టూ తిరిగి
రెండు జతల చెప్పులు అరిగిపాయె.
పార్సిల్ ఆఫీసు కాటా మీద నిలబెట్టి చూసినారు డిపోలో:
అరవై ఆరు!
"సుంకులక్కా, సగం మనిషిని యాడ దించేసినావు?"

చీర కింద ఉండేది ఎవురూ చూడల్యా.

వాన తప్పిన ఏడు శెనక్కాయ పీకి
చెవి కాడ ఊపినారా ఎప్పుడన్నా?
కాయ కాయంతే ఉంటాది,
లోపల గింజ ముడుచుకోని గలగలమంటాది.
కడుపు తోలు తొడల మీదికి జారి,
మడత కింద చెమట, చెమట కింద పుండు,
పుండు మీద పౌడరు.
డ్రైవరు బ్రేకేస్తే నేను ఆగుతాంటి,
నా కడుపు ఇంకొంచెం ముందుకు పోయి ఆగుతాండె.

కౌంటర్లో పిల్లోడు కంప్యూటర్ చూసి చెప్పె:
"ఇది అందం కోసరం మేడం, కార్డు పనికి రాదు."
అందమంట.
ఆ పుండు వానికెట్ల చూపించేది?
చీటీ ముందే పాడుకున్యా, ముప్పైవేలు నష్టానికి.

ఆపరేషన్ ముందు డాక్టరమ్మ నన్ను నిలబెట్టి
ఊదారంగు పెన్నుతో గీతలు గీసింది.
ఇది పోతాది, ఇది ఉంటాది.
మా చేను కొలిచిన సర్వేయరు మతికొచ్చె.
నేను సిగ్గుతో గోడ మీది క్యాలెండరు చూస్తాంటే
ఆమె చేను చూసినట్లే చూసింది నన్ను.
ఆ చూపుకు దండం పెట్టబుద్దాయె.

మెలకువొచ్చేతలికి పక్కల్లో రెండు గొట్టాలు,
కొసన రెండు డబ్బీలు.
మా డిపో తాహిరా సెలవు పెట్టుకోనొచ్చి
పాత వేబిల్లు ఎనక రాస్తాండె:
ఎడమ డెబ్బై, కుడి నలభై ఐదు,
రాత్రి కలెక్షన్ లెక్క మాదిరి.
పది దినాలు వంగే నడిస్తి, మా అవ్వ లెక్క.

తీసిన తోలు నాలుగు కేజీల మున్నూరు గ్రాములంట.
నా కొడుకు పుట్టినప్పుడు రెండున్నర.
వాణ్ని బయటికి తీసిన కుట్టు
ఆ తోలు మీదనే ఉండె.
ఒగసారి చూపిచ్చండి అనల్సింది.
మత్తులో ఉంటి.

బొడ్డు మాత్రం పాతదే,
కొత్త తోలుకు కన్నం పెట్టి బయటికి తీసినారు.
మంత్రసాని కొడవలితో కోసిన తావులో
ఇప్పుడు చుట్టూ నల్లదారం.
"నలభై ఎనిమిదేండ్లకు బొడ్డూడని పిల్లనైతి కదమే" అంటే
తాహిరా నవ్వె. నేను నవ్వకూడదు,
కుట్లు లాగుతాయి.

మూన్నెల్లకు డ్యూటీ ఎక్కితి.
బొడ్డు కింద జానెడు మేర ఇంకా మొద్దే,
టికెట్ మిషను ఒత్తుకున్యా తెలీదు.
ఆత్మకూరు కాడ గొర్లు అడ్డమొచ్చి సడన్ బ్రేకు.
నేను ఆగితి.
నాతో పాటే, ఒగే తూరి, నాదంతా ఆగె.

చివరి సీటు పిల్లోడు
"నేరుగా రాక్కా, దావుండాది కదా" అన్యాడు.
వానికి చిల్లరిచ్చి
మళ్లీ అడ్డంగానే వచ్చినాను.