బొటనవేలంత గడి

పొద్దు గూకే యాళకు ఈరన్న మేస్త్రీ వచ్చినాడు,
జేబులో బీడీకట్ట పక్కన పెన్‌డ్రైవు,
చొక్కా నిండా పత్తి నూగు.
"పాపా, జిన్నింగు మిల్లు హాజరు పట్టీ.
ఒక్క కాయితంలో రావల్ల. రెండైతే సేటు తిడ్తాడు."

ఆదోనిలో మా జెరాక్స్ అంగట్లో
ఉండేది ఒకటే ప్రింటరు. దానికీ దగ్గు.
పట్టీ తెరిచి చూస్తే బారుకు బారు:
పేరు, తండ్రో మొగుడో, ఊరు,
ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా రోజులు,
మొత్తం, అడ్వాన్సు కోత, చేతికొచ్చేది,
చిట్టచివర వేలిముద్ర.

ప్రివ్యూ నొక్కితే
ఇరవై రెండో తారీకు కాడ చుక్కల గీత పడింది.
నెల ఆడికి తెగింది.
కడమ తొమ్మిది రోజులూ, కూలి డబ్బులూ
ఇంకో కాయితంలోకి వలసపోయినాయి,
పేర్లు లేకుండా.
ఆ ఒకటి ఎవరిది? ఆ సున్నా ఎవరిది?
నాలుగువేల రెండు నూర్లు
ఏ ఇంటికి పోవల్ల?

ఒక్క పేజీకి ఇమడ్చు అని ఒక మాట ఉంది కంప్యూటర్లో,
సంతలో దళారి మాట మాదిరి తియ్యగా.
నొక్కినాను.
నూటికి ముప్పై ఎనిమిది పాళ్ళు.
ముప్పై నాలుగు మంది కూలోళ్ళు
నూగింజలై వరసగా నిలబడినారు.
ఈరన్న కాయితాన్ని ట్యూబులైటు కిందకి పట్టి
కండ్లద్దాలు తీసి, పెట్టి, మళ్ళా తీసి,
"చీమలు బాగా పాకినాయి పాపా" అన్నాడు.
ఇద్దరమూ నగినాము. అంతే తీసుకోనిపోయినాడు.

మర్సటి దినం మళ్ళా వచ్చినాడు. నగలేదు.
పట్టీ నిండా నీలం మరకలు.
గోరంత గడి అది,
తిక్కమ్మ బొటనవేలు దాంట్లో ఎట్ల పడుతుంది?
ఇరవై ఏండ్లు దూది లాగిన వేలు,
కొస వెడల్పై, అరిగి, గీతలు సగం పోయిన వేలు.
అది పైన హనుమక్క గడినీ
కింద గిడ్డమ్మ గడినీ మూసుకోని కూచుంది.
"నీ ముద్ర పడిపోయింది గదా, మళ్ళా ఏంది" అని
గుమాస్తా గిడ్డమ్మను వెనక్కి పంపించినాడంట.

నేనేమీ అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

కాయితాన్ని అడ్డం తిప్పినాను.
లీగలు సైజు పెట్టినాను, అంచులు తగ్గించినాను,
ఎడమపక్క మాత్రం రెండు వేళ్ళ జాగా వదిలినాను.
సేటు ఫైలుకని బొక్కలు పొడుస్తాడు,
ఆ బొక్కలో ఎవరి పేరూ పోగూడదు.
రోజుల గడులు బక్కగా చేసినాను,
ఒకటి నిలబడేకి ఎంత జాగా కావల్ల?
ఊరు గడి దాచినాను. అందరూ పెద్దతుంబళం వాళ్ళే,
తలకట్టులో ఒక్కసారి రాస్తే సాలు.
"తండ్రి పేరు కూడా తీసేయ్ పాపా, జాగా కలిసొస్తుంది."
"హనుమక్కలు ముగ్గురుండారు ఈరన్నా."
ఊరకుండినాడు.
పై వరస ప్రతి కాయితం మీదా మళ్ళా రావల్లని చెప్పినాను,
లేకుంటే రెండో పేజీలో అంకెలకు దిక్కుండదు.

మిగిలింది ఆఖరి గడి.
లాగుతా లాగుతా ఆగినాను. ఎంత?
నా వేలు పెట్టి చూసుకుంటే సన్నం.
ఈరన్న వేలు పెన్ను పట్టేది, అదీ సన్నమే.
"తిక్కమ్మనే పిల్చకరాపో."

వచ్చింది, కొంగుతో దూది దులుపుకుంటా.
తెర మీద ఒత్తమంటే భయపడింది,
"షాక్ కొట్టదు గదా అమ్మీ?"
కొట్టదని చెప్పి చెయ్యి పట్టుకోని ఒత్తించినాను.
గాజు మీద చెమట గుర్తు పడింది.
ఆ గుర్తు ఆరేలోపల
గడి గీతను దాని అంచు దాకా లాగినాను,
వరస ఎత్తూ అంతకే పెంచినాను.

మూడు కాయితాలైనాయి.
"సేటు తిడ్తాడు" అన్నాడు ఈరన్న.
పిన్ను కొట్టి ఇచ్చినాను.
మూడు కాయితాలు, పదైదు రూపాయలు.
నిన్నటి చీమలకు లెక్కలేదు.