రొట్టె పేరు

స్వర్ణాల చెరువులో మోకాలి లోతున నిలబడినా.
తలమీద తువ్వాల, చేతుల్లో ఏమీ లేదు.
చుట్టూ కేకలు:
ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె,
సొంతింటి రొట్టె ఎవురికి కావాలబ్బా అని.
గూడూరామె ఒకామె నా మొహం చూసి
"నీకే రొట్టె కావాల నాయనా?" అనింది.

ఏం చెప్పేది?
పెళ్లి రొట్టె అందామంటే పెళ్లయి మూడేళ్లు.
వీసా రొట్టె పోయినేడే తీసుకుని
నీళ్లలోనే నిలబడి మొత్తం తినేసినా.
నాకు కావాల్సిన రొట్టెకు పేరంటూ ఉంటే
దాని పేరు ఐదువేల ఐదొందల పౌండ్లు.

రుఖియా జీతం అంత తక్కువ పడింది.
లీడ్స్‌లో పుట్టిన పిల్ల.
ఆ ఊరి ముసలోళ్లకు నీళ్లు పోస్తాది,
పక్కబట్టలు మారుస్తాది,
రాత్రిళ్లు జడుసుకునే వాళ్ల చెయ్యి పట్టుకోని కూచుంటాది.
ఆ పనికి ఆ దేశం ఇచ్చే డబ్బు
మొగుణ్ణి తెచ్చుకోడానికి చాలదని
ఆ దేశమే చెప్పింది.
కూలి కట్టిందీ వాళ్లే,
కొలిచి తక్కువని తిప్పి పంపిందీ వాళ్లే.

ట్రంకు రోడ్డులో ఫారాలు నింపే పెంచలయ్య
కళ్లజోడు నుదుటికెక్కించి అన్నాడు,
"నీ సంపాదన లెక్కలోకి రాదు మస్తానూ.
అక్కడికి పోయి నువ్వేం సంపాయిస్తావో కూడా అడగరు."
ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూచోని లెక్కేసినా.
గరిటె అరవై రూపాయలు.
ఆత్మకూరు వచ్చేసరికి పదివేల ఐదొందల గరిటెలు తేలినాయి.
దుర్గం కొండమీద అంత నర్ది చెక్క ఉండాదో లేదో.
ఉన్నా ఏం లాభం,
లెక్కలోకి రాని గరిటెలు.

మా నాయన చెప్పేవాడు,
గుంట మరీ లోతు తియ్యబాకురా,
నోట్లో పట్టనిది ఎంత నునుపు తేలినా చెంచా కాదని.

నేను పంపిన బిక్కి చెక్క చెంచాతోనే
రుఖియా ఒక ముసలామెకు గంజి తాపుతాది.
ఎడిత్ అంట పేరు.
ఇనపది పళ్లకు తగిలితే ఏడుస్తాదంట,
చెక్కదైతే పసిబిడ్డ మాదిరి నోరు తెరుస్తాదంట.
ఆ చెంచాను ఎవురూ ఆపలే.
నీ యజమానురాలి జీతమెంత అని అడగలే.

ఉన్నామె మొగుడు మొగుడు.
లేనామె మొగుడు ఖర్చు.

"ఇంకో పని పట్టుకున్నా, శని ఆదివారాలు" అనింది ఫోన్లో.
అక్కడ మజ్జాన్నం, ఇక్కడ దీపాలు పెట్టే వేళ.
నిద్రెప్పుడు పోతావని నేనడగలే.
అడిగితే మళ్లీ లెక్కలే.
మొన్నొకసారి గంటసేపు మాట్లాడుకున్నాం,
పెట్టేసినాక చూస్తే
పే స్లిప్పులు, బ్యాంకు కాగితాలు, ఆరు నెలలు, పన్నెండు నెలలు.
బాగుండావా అని
ఇద్దరిలో ఒక్కరమన్నా అడగలే.

గూడూరామె ఇంకా నిలబడే ఉండాది.
చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నా కదల్లే.
చెప్పినా.
మొత్తం కాదు, చెప్పగలిగినంత.
ఆమె సంచిలో చెయ్యి పెట్టి వెతికింది,
నిజంగా ఆ పేరుతో ఒకటి ఉంటాదేమో అన్నట్టు.
"లేదు అబ్బయా, ఆ రొట్టె ఎవురూ చేసుండరు.
మా మనవరాలికి చూపొచ్చిన రొట్టె ఉండాది.
ఇది తీసుకో.
ఎవురికో ఒకరికి కళ్లు కనపడాలి కదా."

సగం తుంచి అక్కడే తిన్నా.
కొంచెం ఉప్పెక్కువ.
మిగిలిన సగం కాగితంలో చుట్టుకున్నా.
ఏ ఆఫీసుకు, ఏ అడ్రసుకు పంపాలో
పెంచలయ్యను అడగాల.